రెక్క చిరిగిన చేప: కొరుకుడా, కుళ్లా?

కమ్యూనిటీ ట్యాంక్ అంటే రకరకాల చిన్న చేపలు ఒకే నీళ్లలో సర్దుకుని బతికే తొట్టి. ఇళ్లలో ఎక్కువగా కనిపించేది రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న అద్దాల పెట్టె. అందులో పట్టేవి దాదాపు 55 లీటర్ల నీళ్లు. గప్పీలు, మోలీలు, నియాన్ టెట్రాలు, ఒక జంట గౌరామీలు, అడుగున పాచి నాకే సక్కర్ చేప అందులో తిరుగుతుంటాయి. ఒక ఉదయం లైటు వేసేసరికి వాటిలో ఒకదాని తోక అంచు తెగి కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు కంగారుపడి దుకాణానికి వెళ్తారు, నీలం మందు సీసాతో తిరిగి వస్తారు. తొట్టి నిండా మందు కలుస్తుంది. మరో నాలుగు రోజులకు తోక ఇంకాస్త పొట్టిదవుతుంది.

రెక్క దెబ్బతినడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి తోటి చేప నోరు, రెండోది చెడిన నీళ్లూ ఆ నీళ్లలో బలపడే సూక్ష్మజీవులూ. మొదటిదాన్ని ఏ మందూ ఆపలేదు. రెండోది చేపను వేరే తొట్టిలోకి మార్చినంత మాత్రాన తగ్గదు. వైద్యం మొదలుపెట్టే ముందు కారణం ఏదో తేల్చుకోవాలి. అందుకు కావలసినవి ఓపిగ్గా చూసే కళ్లు, ఒక టెస్ట్ కిట్, ఏడెనిమిది రోజుల వ్యవధి.

విసనకర్ర లాంటి అవయవం

పాఠ్యపుస్తకాలు వాజం అనే ఈ అవయవాన్ని పెంపకందారులు రెక్క అనే పిలుస్తారు. దాని నిర్మాణం తాటాకు విసనకర్రను పోలి ఉంటుంది. చిన్న చిన్న ఎముక ముక్కలు వరుసగా అమరి ఈనెలుగా ఏర్పడతాయి. ఈనెకూ ఈనెకూ మధ్య రక్తనాళాలున్న పలుచని పొర సాగి ఉంటుంది. తోక రెక్క చేపను ముందుకు నెడుతుంది. వీపు రెక్కా, పొట్ట చివరి రెక్కా అది పక్కకు ఒరగకుండా నిలుపుతాయి. ఛాతీ రెక్కలు మలుపు తిరగడానికీ ఆగడానికీ పనికొస్తాయి. గౌరామీల పొట్ట కింద రెక్కలు దారాల్లా సాగి ఉంటాయి. పక్క చేపనైనా ఆకునైనా అవి ఆ దారాలతోనే తడిమి చూస్తాయి. కొరికే చేపలున్న తొట్టిలో మొదట మాయమయ్యేవి తరచూ ఆ దారాలే.

తెగిన రెక్క తిరిగి పెరుగుతుందని ఫ్రెంచ్ ప్రకృతి శాస్త్రవేత్త బ్రూసొనే 18వ శతాబ్దం చివర్లోనే ప్రయోగాలు చేసి చూపించాడు. ఇప్పుడు ఈ పరిశోధనకంతటికీ ఆధారం జీబ్రా చేప. గంగా పరీవాహక ప్రాంతపు ఈ చారల చేపను ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఇంటి తొట్టెల్లో అగ్గువకు దొరికే ఆ చేపే నేడు ప్రపంచవ్యాప్తంగా ప్రయోగశాలల్లో ఈదుతోంది. 28 డిగ్రీల వెచ్చని శుభ్రమైన నీళ్లలో దాని తోకను సగానికి కత్తిరించినా సుమారు రెండు వారాల్లో చాలావరకు తిరిగి వస్తుంది. కోత శరీరానికి దగ్గరగా ఉంటే పెరుగుదల ఇంకా వేగంగా సాగుతుంది, చివర మాత్రమే తెగితే నెమ్మదిగా సాగుతుంది. ఎంత పోయిందో ఆ కణాలకు తెలుసన్నమాట.

పెంపకందారుడికి దీని విలువ చాలా ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న చిన్న చేప తెగిన రెక్క వారం తిరిగేసరికి పెరుగుతున్న జాడ చూపించాలి. పెరిగినట్టే పెరిగి మళ్లీ పొట్టిదైతే ఎవరో కొరుకుతూనే ఉన్నారని అర్థం. పెరుగుదల మొదలే కాకపోతే నీళ్లనూ సూక్ష్మజీవులనూ అనుమానించాలి. ఏ మందూ వేయకుండా, పైసా ఖర్చు లేకుండా రెక్క తానే ఇచ్చే జవాబు ఇది.

గాయాన్ని చదవడం

కొరికిన గాయం ఉన్నట్టుండి వస్తుంది. రాత్రి బాగున్న తోకకు పొద్దున నెలవంక ఆకారంలో గంటు కనిపిస్తుంది. అంచు శుభ్రంగా ఉంటుంది, మిగిలిన రెక్క రంగు మారదు. గాయం ఎక్కువగా వెనక వైపే ఉంటుంది, ఎందుకంటే తరిమే చేపకు అందేది పారిపోయే చేప తోకా, వీపు రెక్క వెనక అంచూ. చాలాసార్లు తొట్టిలో ఒక్క చేపకే, లేదా పొడవాటి రెక్కలున్న ఒకే రకానికే గాయాలుంటాయి.

చీలిక దీనికి భిన్నం. రెండు ఈనెల మధ్య పొర నిలువునా విడిపోతుంది గానీ ఈనెలు మాత్రం పూర్తిగా ఉంటాయి. విసనకర్ర మడత చిరిగినట్టు కనిపిస్తుంది. వల తగిలినా, ప్లాస్టిక్ మొక్క మొన గుచ్చుకున్నా, ఫిల్టర్ నీళ్లను లాగే గొట్టానికి తోక అతుక్కున్నా ఇలా జరుగుతుంది. హాఫ్‌మూన్ రకం ఫైటర్ చేపలకు తోక బరువే ఇబ్బంది. కొన్ని ఫైటర్లు వెనక్కి తిరిగి తమ తోకను తామే కొరుక్కుంటాయి. ఒంటరిగా గాజు జాడీలో ఉన్న ఫైటర్‌కు నెలవంక గంటు కనిపిస్తే దోషిని వేరే చోట వెతకనక్కర్లేదు.

కుళ్లు మాత్రం పాకుతుంది. అంచు పాలిపోయి, కొన్నిసార్లు ఎర్రని గీత కట్టి, చింపిరి గుడ్డలా అవుతుంది. ఈనెలు పొరకంటే ముందుకు పొడుచుకొని వస్తాయి. రోజురోజుకూ అది అంచు నుంచి మొదలు వైపు జరుగుతుంది, ఒకటి కంటే ఎక్కువ చేపలకు వస్తుంది. దుకాణాల్లో ఫిన్ రాట్ అనేది దీన్నే. ఏరోమోనాస్, సూడోమోనాస్ జాతుల బ్యాక్టీరియా దీనిలో తరచూ కనిపిస్తాయి. అవి ఎప్పుడూ నీళ్లలో ఉండేవే, చేప నీరసించినప్పుడు మాత్రం పైచేయి సాధిస్తాయి. ఫ్లేవోబ్యాక్టీరియం కొలమ్నేర్ వేరే రకం. బూడిద తెలుపు మచ్చ, వీపు మీద జీను వేసినట్టు పట్టీ, నోటి చుట్టూ దూది లాంటి పొర దాని గుర్తులు. వెచ్చని నీళ్లలో ఇది మరీ చురుగ్గా ఉంటుంది, ఒకట్రెండు రోజుల్లోనే తొట్టిని ఖాళీ చేయగలదు. అసలు దూదిపింజల్లా లేచి కనిపించేది సాప్రొలెగ్నియా. అది సాధారణంగా అప్పటికే ఉన్న పుండు మీద వచ్చి కూర్చుంటుంది.

ఇక్కడ పెద్ద పొరపాటు ఒకటి జరుగుతుంది. మానుతున్న రెక్క అంచున కొత్త పొర రంగు లేకుండా, పారదర్శకంగా, కొద్దిగా తెల్లగా కనిపిస్తుంది. దాన్ని చూసి కుళ్లు పాకుతోందని బెదిరి మందు వేసేవాళ్లు ఎందరో. కుళ్లు అంచు గరుకుగా, మసకగా ఉంటుంది. కొత్త పొర నున్నగా ఉంటుంది, దాని వెనక లైటు పెడితే సన్నని ఈనెలు పుట్టుకొస్తున్నట్టు కనిపిస్తాయి. రోజూ ఒకే గంటకు, ఒకే పక్క నుంచి ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకుంటే వారం చివర తేడా దానంతటదే తెలుస్తుంది. జ్ఞాపకం మోసం చేస్తుంది, ఫొటో చేయదు.

కొరికేవాళ్లు ఎవరు, ఎందుకు?

జంతువుల ప్రవర్తన మీద పరిశోధనకు 1973లో నోబెల్ బహుమతి ముగ్గురికి వచ్చింది: కార్ల్ వాన్ ఫ్రిష్, కొన్రాడ్ లోరెంజ్, నికొలాస్ టిన్‌బెర్గెన్. ముగ్గురూ ఏదో ఒక దశలో చేపలను కన్నార్పకుండా చూసినవాళ్లే. టిన్‌బెర్గెన్ తొట్టెల్లో స్టికిల్‌బ్యాక్ మగ చేపలుండేవి. జతకట్టే కాలంలో వాటి పొట్ట ఎర్రబడుతుంది. చేప ఆకారమే లేని మైనపు ముద్దకు కింది భాగాన ఎరుపు పూసి చూపిస్తే అవి దాని మీద పడేవి. అచ్చంగా చేపలా చేసి ఎరుపు పూయని బొమ్మను పెద్దగా పట్టించుకునేవి కావు. కిటికీ బయట ఎర్రని తపాలా బండి వెళ్తుంటే తొట్టెల్లోని మగ చేపలన్నీ ఆ వైపు అద్దానికి దూసుకెళ్లడం ఆయన చూశాడు. లోరెంజ్ 1963లో వెలువరించిన పుస్తకంలో పగడపు దిబ్బల చేపల గురించి రాస్తూ, చేప ఎక్కువగా తన జాతి చేపనే తరుముతుందన్నాడు. తిండీ చోటూ జతా వాటి మధ్యే పంచుకోవాలి మరి.

ఇంటి తొట్టిలోనూ జరిగేది ఇదే. రెండు మగ మరుగుజ్జు గౌరామీలు, రెండు మగ స్వోర్డ్‌టెయిళ్లు, రెండు మగ ఏంజెల్‌లు రెండడుగుల పెట్టెలో పడితే మూడో మూలే లేదు పారిపోవడానికి. ఫైటర్ చేపకు పొడవాటి తోకా, మెరిసే రంగూ ఉన్న గప్పీ మరో మగ ఫైటర్‌లా అనిపించవచ్చు. థాయ్‌లాండ్‌లో పోటీల కోసం తరతరాలుగా పెంచిన చేప అది, 2019లో ఆ దేశం దాన్ని జాతీయ జలచరంగా ప్రకటించింది. దానికి పోరు నేర్పాల్సిన పని లేదు. మగ గప్పీలు ఎక్కువై ఆడవి తక్కువైతే వేరే రకం వేధింపు మొదలవుతుంది. ఊపిరి సలపనివ్వకుండా వెంటపడటంతో ఆడ చేపలు నీరసించి, రెక్కలు ముడుచుకుని, మొక్కల చాటున నిలబడిపోతాయి. ఒక మగకు రెండు మూడు ఆడ చేపలు ఉంటే ఒత్తిడి పంచుకుపోతుంది.

కొరుకుడులో పేరు మోసింది టైగర్ బార్బ్. ఆగ్నేయాసియా దీవుల నుంచి వచ్చిన ఈ నల్ల చారల చేప గుంపులో తన స్థానం కోసం నిత్యం తోటివాటితో తలపడుతుంది. ఎనిమిదీ పదీ కలిసి ఉంటే ఆ తగాదాలు వాటిలో వాటికే తిరుగుతాయి, ఎవరికీ పెద్ద గాయం కాదు. దుకాణంలో జంటగా, మహా అయితే మూడు కొని తెచ్చినప్పుడు ఆ ఉత్సాహం ఏంజెల్ దారాల మీదా గప్పీ తోకల మీదా తీరుతుంది. సెర్పే టెట్రా, బ్లాక్ స్కర్ట్ టెట్రా కూడా దాదాపు ఇంతే. చేప దుడుకుదని తిట్టే ముందు ఎన్ని తెచ్చామో గుర్తు చేసుకోవాలి. ఆ సంఖ్యను నిర్ణయించింది చేప కాదు.

ప్రకృతిలో రెక్కలు తినడమే బతుకుతెరువుగా ఉన్న చేపలూ ఉన్నాయి. కాంగో నదీ ప్రాంతపు బెలొనోఫాగో సన్నని నోటితో ఇతర చేపల రెక్కలు తుంచి తింటుంది. పిరానాల్లో కొన్ని జాతుల పిల్లలు కూడా అలాగే చేస్తాయి. టాంగన్యికా సరస్సులోని పెరిస్సోడస్ మైక్రోలెపిస్ పొలుసులు తినే చేప. దాని నోరు కొన్నింటికి ఎడమకూ కొన్నింటికి కుడికీ వంగి ఉంటుంది, అందుకే ఒక్కో చేప ఎర మీద ఒకే పక్క నుంచి దాడి చేస్తుంది. అంత దూరం వెళ్లనక్కర్లేదు, మన దేశపు మంచినీళ్లలో ఉండే అద్దపు చేప చందా నామా కూడా తోటి చేపల పొలుసులు పీకుతుంది. కేరళ నీళ్లలోని బఠాణీ పఫర్‌ను హోరా, నాయర్ 1941లో వర్ణించారు. మూడున్నర సెంటీమీటర్లు దాటని ఈ బొద్దు చేప చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, కానీ నత్తల గుల్లలు నమిలే ముక్కు లాంటి పళ్లతో రెక్కలను ముక్కలు చేస్తుంది. కమ్యూనిటీ తొట్టిలో దానికి చోటు లేదు.

సక్కర్ చేప మీద ఎవరికీ అనుమానం రాదు. చిన్నప్పుడు అది పాచి నాకుతుంది. పెరిగి, తిండి చాలనప్పుడు రాత్రిళ్లు ఏంజెల్ లాంటి బల్లపరుపు చేపల ఒంటికి అతుక్కుని జిగురు పొరను గీరుతుంది. పొద్దున చూస్తే పక్కన గుండ్రని పాలిపోయిన మచ్చ ఉంటుంది, రెక్క మొదట్లో పొలుసులు లేచి ఉంటాయి. చైనీస్ ఆల్గే ఈటర్ పేరుతో అమ్మే చేప వయసు పెరిగే కొద్దీ ఇంకా మొండిది.

దర్యాప్తు

మనిషి తొట్టి దగ్గరికి రాగానే చేపలన్నీ తిండి కోసం పైకి వచ్చేస్తాయి, తగాదాలు ఆగిపోతాయి. అందుకే తొట్టి ముందు నిలబడి చూస్తే దోషి దొరకదు. కాస్త దూరంలో కూర్చుని, కదలకుండా, పావుగంటైనా చూడాలి. ఫోన్‌ను ఎదురుగా నిలబెట్టి వీడియో తీస్తే ఇంకా మేలు. లైటు వేసిన మొదటి అరగంటా, తిండి వేసినప్పుడూ, లైటు తీసే ముందూ గొడవలు ఎక్కువ. మేత ఒకే మూల పడితే బలమైన చేప ఆ మూలను సొంతం చేసుకుంటుంది, రెండు చోట్ల వేస్తే ఆ పట్టు సడలుతుంది. సక్కర్‌ను అనుమానిస్తే రాత్రి లైటు తీసిన రెండు గంటలకు ఎర్రని మసక వెలుతురులో చూడాలి.

ఓడిన చేపను గుర్తించడం సులువు. రంగు వెలిసిపోతుంది, రెక్కలు ఒంటికి అంటుకుని ఉంటాయి, ఫిల్టర్ వెనకో నీటి మట్టం దగ్గరి మూలలోనో దాక్కుంటుంది, మేతకు ఆలస్యంగా వస్తుంది. దాని గాయం తొట్టి మొత్తాన్ని కుదిపేయగలదు. వాన్ ఫ్రిష్ 1938లో ప్రకటించిన పరిశీలనల ప్రకారం మిన్నో చేప చర్మం దెబ్బతింటే దాని నుంచి నీళ్లలో కలిసే పదార్థం చుట్టూ ఉన్న గుంపును బెదరగొడుతుంది. టెట్రాలు, బార్బ్‌లు, డానియోలు, కోరిడోరస్‌లు అన్నీ ఆ బంధువర్గంలోవే. ఒక్క చేపను ఎవరో కొరికితే నియాన్‌లన్నీ మూలకు చేరడానికి ఇది ఒక కారణం కావచ్చు.

అనుమానితుడు తేలాక బాధితుణ్ణి కాక అతణ్ణి తీయడం మేలు. బాధితుణ్ణి తీసి వారం తర్వాత తిరిగి వేస్తే అది కొత్తగా వచ్చిన చేపతో సమానం, దాడి రెట్టింపవుతుంది. అనుమానితుణ్ణి తొట్టిలోనే చిల్లుల ప్లాస్టిక్ పెట్టెలో బంధించి నాలుగైదు రోజులు గడపాలి. కొత్త గంటులు ఆగితే లెక్క తేలినట్టే. తిరిగి వదిలే ముందు రాళ్లూ మొక్కలూ అటూ ఇటూ మార్చితే పాత హద్దులు చెరిగిపోయి, అన్ని చేపలూ ఒకే సమయంలో చోటు వెతుక్కుంటాయి. పెట్టె చిన్నదై, జాతి స్వభావమే కొరకడమైతే ఏ సర్దుబాటూ నిలవదు. దాన్ని వేరే తొట్టికి పంపాల్సిందే.

నీళ్ల సంగతి

దర్యాప్తులో దోషి కనిపించకపోతే, గాయాలు పాకుతుంటే, నీళ్లను పరీక్షించాలి. నిజానికి ఇది మొదటి రోజే చేయాల్సిన పని. చేప మొప్పల ద్వారా అమ్మోనియా వదులుతుంది. ఫిల్టర్‌లోని సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తాయి. కొత్త తొట్టిలో ఆ సూక్ష్మజీవులు స్థిరపడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతలోపే తొట్టి నిండా చేపలు వేస్తే మొప్పలు మండుతాయి, రెక్కల్లో ఎర్రని చారలు తేలతాయి, చేపలు పైకి వచ్చి గాలి మింగుతాయి.

అమ్మోనియా తీవ్రత పీహెచ్‌ను బట్టి మారుతుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషపూరితమైన రూపం అర శాతం పైచిలుకు. అదే పీహెచ్ 8 అయితే అయిదు శాతం దాటుతుంది, అంటే దాదాపు పది రెట్లు. తెలుగు రాష్ట్రాల్లో చాలా చోట్ల బోరు నీళ్లు క్షారగుణం కలవే కాబట్టి ఇక్కడి తొట్టెలకు ఈ లెక్క మరింత ముఖ్యం. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ సంగతి చూడాలి. అది చర్మాన్నీ, ఫిల్టర్‌లోని మంచి సూక్ష్మజీవులనూ కాలుస్తుంది. హైపో స్ఫటికాలు దాన్ని తొలగిస్తాయి. ఎండాకాలం మరో పరీక్ష. 20 డిగ్రీల నీళ్లు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు, 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నరకు పడిపోతుంది. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి ఫిల్టర్ ఆగితే ఆ తొట్టి మీద వేడి, ఆక్సిజన్ లేమి, అమ్మోనియా మూడూ ఒకేసారి విరుచుకుపడతాయి. అలాంటి వారం తర్వాత వచ్చే కుళ్లుకు పక్క చేపను నిందించడం అన్యాయం.

కొరుకుడూ కుళ్లూ చాలాసార్లు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. పంటిగాటు తలుపు తెరుస్తుంది, సూక్ష్మజీవి లోపలికి వస్తుంది. ఫోటోల్లో మొదటి మూడు రోజులు శుభ్రమైన నెలవంక, నాలుగో రోజు నుంచి మసక అంచు కనిపిస్తే రెండింటినీ కలిపే చూడాలి.

మానడం

కొరుకుడు గాయానికి కావలసింది శాంతీ, శుభ్రమైన నీళ్లూ. రెండు మూడు రోజులకోసారి నాలుగో వంతు నీళ్లు మార్చి, మంచి మేత కొద్దికొద్దిగా వేస్తే చాలు. తేలికపాటి కుళ్లుకూ మొదట చేయాల్సింది ఇదే. అయోడిన్ కలపని రాళ్ల ఉప్పును లీటరుకు ఒకటి నుంచి మూడు గ్రాముల లోపు, ఒక్కసారిగా కాకుండా రోజంతా కొద్దికొద్దిగా కరిగించి, వేరే చిన్న తొట్టిలో ఉంచిన చేపకు ఇవ్వవచ్చు. మొక్కలకూ, పొలుసులు లేని అడుగు చేపలకూ ఉప్పు పడదు. ఉప్పు ఆవిరైపోదు, నీళ్లు మార్చినప్పుడే తగ్గుతుంది. మిథిలీన్ బ్లూ బూజు మీద పనిచేస్తుంది గానీ పెద్ద తొట్టిలో పోస్తే ఫిల్టర్‌లోని సూక్ష్మజీవులు దెబ్బతిని అమ్మోనియా తిరిగి లేస్తుంది. నీలం సీసా తర్వాత తోక ఇంకా పొట్టిదవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

యాంటీబయాటిక్ పొడిని అంచనాతో నీళ్లలో కలపడం మరీ ప్రమాదం. అలంకార చేపల్లోనూ వాటిని తెచ్చే నీళ్లలోనూ అనేక మందులకు లొంగని ఏరోమోనాస్ రకాలను పరిశోధకులు ఇప్పటికే గుర్తించారు. కొలమ్నేర్ వంటి వేగవంతమైన జబ్బుకు యాంటీబయాటిక్ అవసరమే, అది చేపల జబ్బులు తెలిసిన పశువైద్యుడి చేతి మీదుగా జరగాలి. చేతికి కోత ఉన్నప్పుడు తొట్టిలో చేయి పెట్టకూడదు. మైకోబ్యాక్టీరియం మెరైనమ్ అనే సూక్ష్మజీవి మనిషి చర్మం మీద నెలల తరబడి మానని పుండ్లు తేగలదు. కొత్త చేపలను రెండు నుంచి నాలుగు వారాలు విడిగా ఉంచితే ఈ జబ్బుల్లో చాలా వాటిని తొట్టిలోకి రాకముందే పట్టుకోవచ్చు, కొత్త చేప స్వభావమూ తెలుస్తుంది.

కుళ్లు శరీరంలో కలిసే మొదలు వరకూ తినేస్తే రెక్క తిరిగి రాకపోవచ్చు. అంతకు ముందే ఆగితే వస్తుంది. వచ్చిన భాగం మొదట రంగు లేకుండా ఉంటుంది, ఆ తర్వాత చుక్కలూ చారలూ నిండుతాయి. గప్పీల్లో పాత నమూనా కొన్నిసార్లు కొద్దిగా పక్కకు జరిగి వస్తుంది. జీబ్రా చేప తోకలో ఈనె రెండుగా చీలే చోటు, కోత దానికి దగ్గరగా పడితే, మునుపటి కంటే అంచు వైపు జరుగుతుంది. కాబట్టి పూర్తిగా మానిన తోకను కూడా వెలుతురుకు ఎదురుగా చూస్తే, ఈనెలు చీలే వరుసలో ఆ చిన్న మార్పు కనిపించి, ఒకప్పుడు ఎక్కడ తెగిందో ఇంకా చెబుతుంది.